చలిలో సైకిల్ తొక్కేవారికి బట్టలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చలికాలం వచ్చినా సైకిల్ మానడం ఇష్టంలేని పాఠకులు రాసిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే తీరు ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: తెల్లవారుజామున అయిదారు డిగ్రీల చలిలో సైకిల్ మీద పనికి బయలుదేరుతాను. మందపాటి స్వెట్టరు, దానిమీద దూది పెట్టి కుట్టిన జాకెట్టు వేసుకుంటే పావుగంటకే లోపలి బనియను చెమటతో తడిసిపోతోంది. ఆ తరువాత సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, వణుకు మొదలవుతుంది. జాకెట్టు మానేస్తే దారి పొడుగునా చలే. అసలు ఎన్ని బట్టలు వేసుకోవాలి?

జవాబు: మిమ్మల్ని వణికిస్తున్నది చలి ఒక్కటే కాదు, దానికి ముందు పట్టిన చెమట. తొక్కేటప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో ఇంచుమించు నాలుగోవంతు మాత్రమే సైకిల్‌ను నడపడానికి పనికివస్తుంది, చాలామందిలో అంత కూడా రాదు. మిగిలినదంతా వేడిగా మారుతుంది. పెడల్ మీద 150 వాట్ల శక్తిని నిలకడగా పెట్టే మనిషి ఒంట్లో అదే సమయంలో 450 వాట్లకు తగ్గని వేడి పుడుతుంది. కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లో పుట్టేది సుమారు 100 వాట్లే. అందువల్ల నిలబడి ఉన్నవాడికి సరిపోయే కోటు తొక్కుతున్నవాడికి ఎక్కువైపోవడంలో వింత లేదు. ఎక్కువైన వేడిని వదిలించుకోవడానికి ఒళ్లు చెమట పోస్తుంది, ఆ చెమటను బట్ట పట్టి ఉంచుతుంది, తొక్కడం ఆపగానే వేడి పుట్టడం తగ్గిపోతుంది గాని తడి మాత్రం ఒంటినే అంటుకొని ఉంటుంది. కదలని గాలితో పోలిస్తే నీరు వేడిని పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది కాబట్టి, తడిసిన మందపాటి బట్టకన్నా పొడిగా ఉన్న పలచని బట్టే వెచ్చన.

రెండో సంగతి గాలి. చెట్టు మీద ఆకు కదలని రోజున కూడా సైకిల్ మీద వెళ్లేవారికి ఎదురుగాలి తప్పదు, ఎందుకంటే దాన్ని పుట్టించేది వాళ్ల వేగమే. అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001లో చేపట్టిన లెక్క ప్రకారం 5 డిగ్రీల వద్ద గంటకు 25 కిలోమీటర్ల గాలి ముఖానికి తగిలితే ఆ చలి సుమారు 1 డిగ్రీగా తోస్తుంది. సున్నా డిగ్రీల వద్ద 30 కిలోమీటర్ల గాలి అయితే మైనస్ 6 దాటుతుంది. అయితే ఈ గాలంతా ఛాతీకి, భుజాలకు, తొడల ముందు భాగానికే తగులుతుంది. వీపు మీద గాలి తక్కువ, చెమట ఎక్కువ. కాబట్టి చలిలో సైకిల్ తొక్కే బట్టకు ముందుగా చూడవలసినది మందం కాదు. ముందువైపు గాలిని ఆపుతుందా, వెనకవైపు ఆవిరిని పోనిస్తుందా అన్నది. సైకిల్ పందేల్లో కనుమ ఎక్కిన పోటీదారులు దిగబోయే ముందు ఒక వార్తాపత్రికను చొక్కా కింద ఛాతీ మీద దోపుకొనే అలవాటు చాలా పాతది, అందులోని కిటుకు కూడా ఇదే. ఈనాటి సైకిల్ జాకెట్లలో మంచివాటికి ముందువైపు గాలి చొరని గుడ్డ, వీపు వైపు, చంకల కింద పలచని అల్లిక ఉంటాయి. మామూలు విండ్‌చీటర్లలో ఈ తేడా ఉండదు, కనుక వాటిని కొనేటప్పుడు జిప్ పైనుంచి కిందివరకూ ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. దారిలో కాలు కింద పెట్టకుండా చలిని, వేడిని సరిచేసుకోవడానికి చేతికి అందే సాధనం ఆ జిప్ ఒక్కటే. ఎత్తు ఎక్కేటప్పుడు బొడ్డుదాకా దించి, దిగేటప్పుడు గడ్డందాకా లాగాలి.

ఇక మీరడిగిన లెక్క. అయిదారు డిగ్రీల్లో ఒంటికి అతుక్కొని ఉండే పలచని పొడుగు చేతుల లోపలి చొక్కా ఒకటి, దానిమీద లోపల నూగు ఉన్న సైకిల్ చొక్కా ఒకటి, పైన గాలిని ఆపే చేతుల్లేని వెస్టు ఒకటి చాలు. పది, పన్నెండు డిగ్రీల్లో మధ్య పొర అవసరం ఉండదు. సున్నాకు దిగితే వెస్టుకు బదులు చేతులున్న జాకెట్టు వేసుకోవాలి. అంతేగాని లోపల నాలుగో పొర, అయిదో పొర చేర్చడం వల్ల భుజాలు బిగుసుకుపోవడం తప్ప పెద్ద ప్రయోజనం ఉండదు. మెల్లగా తొక్కేవారు దీనికి ఒక పొర కలుపుకోవాలి. గడప దాటగానే ఒళ్లు హాయిగా ఉందంటే ఒక బట్ట ఎక్కువ వేసుకున్నట్టే. మొదటి పది నిమిషాలు కొంచెం చలిగా ఉండి, ఆ తరువాత ఒళ్లు కుదుటపడితే లెక్క సరిపోయినట్టు. ఆ పది నిమిషాలను ఓర్చుకోలేక జాకెట్టు తొడిగేవారే అరగంట తరువాత మీలాగా బాధపడతారు.

ప్రశ్న: లోపలి చొక్కాగా నూలు బనియను పనికిరాదంటారు. మరి ఉన్నిది కొనాలా, పాలియెస్టర్‌ది కొనాలా?

జవాబు: నూలు గురించి మీరు విన్నది నిజం. వేసవిలో ఏ గుణం వల్ల అది సుఖమో, చలిలో ఆ గుణం వల్లనే అది కీడు: చెమటను పీల్చుకొని చాలాసేపు వదలదు. పాలియెస్టర్ పోగు తన బరువులో ఒక్క శాతం నీటిని కూడా లోపలికి తీసుకోదు. తడి పోగుల మధ్య సందుల వెంట బయటికి పాకి, అక్కడ ఆరిపోతుంది. మెరీనో ఉన్ని దారి వేరు. అది తన బరువులో ఇంచుమించు మూడోవంతు దాకా తేమను పోగులోపలే దాచుకొని కూడా చర్మానికి తడి తెలియనివ్వదు, పైగా తేమను పీల్చుకునేటప్పుడు కాస్త వేడిని విడుదల చేస్తుంది. వాసన పట్టడంలో కూడా ఉన్నిదే పైచేయి. వరసగా రెండు మూడు రోజులు వేసుకున్నా పక్కవారికి ఇబ్బంది ఉండదు. పాలియెస్టర్ మొదటి రోజు సాయంత్రానికే కంపుకొడుతుంది.

మా అభిప్రాయం అడిగితే, గంటలోపు గట్టిగా తొక్కేవారికి పాలియెస్టర్, పొద్దస్తమానం నిదానంగా వెళ్లేవారికి ఉన్ని. ఉన్ని ఆరడం ఆలస్యం, చవక కూడా కాదు, వీపు సంచి పట్టీల రాపిడికి భుజాల దగ్గర తొందరగా చిల్లులు పడుతుంది. రెండూ కలిపి నేసిన చొక్కాలూ ఉన్నాయి, అవి చాలామందికి సరిపోతాయి. ఏది కొన్నా వదులుగా ఉన్నది కొనవద్దు. చర్మానికి ఆనని బట్ట చెమటను లాగలేదు, కనుక కొత్తగా కొన్న ఖరీదైన చొక్కా పనిచేయడం లేదని బాధపడేవారు ముందు దాని సైజు చూసుకోవాలి.

ప్రశ్న: ఒళ్లంతా వెచ్చగానే ఉంటుంది, చేతివేళ్లు మాత్రం కొయ్యబారిపోతాయి. బ్రేకు నొక్కానో లేదో కూడా తెలియడం లేదు. ఎంత మందం గ్లౌజులు వేసుకున్నా ఇదే గతి.

జవాబు: ఇది సుఖానికి సంబంధించిన ప్రశ్న కాదు, ప్రాణానికి సంబంధించినది, కనుక బట్టలకు పెట్టే డబ్బులో మొదటి వాటా చేతులకే కేటాయించండి. సైకిల్ మీద చేతులు అన్నిటికన్నా ముందుంటాయి, గాలికి ఎదురొడ్డి ఉంటాయి, పని చేయకుండా ఒక లోహపు కడ్డీని పట్టుకొని ఉంటాయి. పైగా ఒంటి నడిమి భాగం చల్లబడుతోందని తోచగానే శరీరం వేళ్లకు వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది. గ్లౌజు వేడిని పుట్టించదు, రక్తం తెచ్చిన వేడిని నిలబెడుతుంది, అంతే. రక్తమే రాకపోతే ఎంత మందమైనా దండగ. అందుకే కొన్నిసార్లు చేతులు వెచ్చబడాలంటే గ్లౌజు కాదు, ఛాతీ మీద గాలిని ఆపే వెస్టు వేసుకోవలసి వస్తుంది.

గ్లౌజు చేతికి పట్టేసినట్టు ఉండకూడదు. తొడుక్కొని పిడికిలి బిగించి చూడండి. వేళ్ల కొసలు గుడ్డకు గట్టిగా తగిలితే అక్కడ గాలి పొర లేనట్టు, రక్తం కూడా సరిగా పారదు. ఇంకోచోటు చాలామంది గమనించరు: చొక్కా చేతికి, గ్లౌజుకు మధ్య మణికట్టు దగ్గర రెండు వేళ్ల వెడల్పున ఒక ఖాళీ. హ్యాండిల్ అందుకోవడానికి చేయి చాచగానే చొక్కా వెనక్కి జరుగుతుంది, ఆ ఖాళీ తెరుచుకుంటుంది. చేతికి వెళ్లే రక్తనాళాలు అక్కడ చర్మానికి చాలా దగ్గరగా ఉంటాయి కనుక అక్కడ తగిలిన గాలి వేళ్ల వేడిని దారిలోనే దోచుకుంటుంది. గ్లౌజు అంచు పొడుగ్గా ఉండి చొక్కా మీదికి వచ్చేలా, లేదా చొక్కా చేయి గ్లౌజు లోపలికి దూరేలా చూసుకోండి. అద్దం ముందు నిలబడి కాదు, సైకిల్ మీద కూర్చొని చూసుకోవాలి.

సున్నాకు దిగువన అయిదు వేళ్లకు అయిదు గదులున్న గ్లౌజుకన్నా వేళ్లు రెండేసి కలిసి ఉండే రకం మేలు, ఎందుకంటే పక్కపక్కనున్న వేళ్లు ఒకదానినొకటి కాచుకుంటాయి. బ్రేకుకూ, గేరుకూ కూడా అది అడ్డురాదు. అన్నిటికన్నా వెచ్చనివి హ్యాండిల్‌కే బిగించి, చేతులు లోపలికి దూర్చే పెద్ద తొడుగులు. చూపుకు అంత బాగుండవు గాని, వాటిలో పలచని గ్లౌజులతోనే గట్టి చలిని దాటవచ్చు, బ్రేకు మీద వేలు పట్టు పోదు. దూరం వెళ్లేవారు రెండో జత గ్లౌజులను జేబులో ఉంచుకోవడం మంచిది. చెమటతో తడిసిన గ్లౌజును తిరుగు ప్రయాణంలో మళ్లీ తొడిగితే వేళ్లు తొందరగానే బిగుసుకుపోతాయి.

చలి చేతులకు ఎంత హాని చేయగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1980 ఏప్రిల్‌లో బెల్జియంలోని లియేజ్ నుంచి బస్తోన్ మీదుగా తిరిగి లియేజ్ వరకు జరిగిన పందెం మంచువానలో సాగింది. 174 మంది బయలుదేరితే చివరికంటా తొక్కినవారు 21 మంది. తొమ్మిది నిమిషాలకు పైగా ముందుండి గెలిచిన ఫ్రెంచి సైకిల్ వీరుడు బెర్నార్ ఇనోకు రెండు వేళ్లలో స్పర్శ ఆ తరువాత పూర్తిగా తిరిగి రాలేదు.

ఒక హెచ్చరిక. చలి తగలగానే వేళ్లు పాలిపోయి తెల్లగా, తరువాత నీలంగా మారి, వెచ్చబడేటప్పుడు ఎర్రబడి సలుపుతుంటే అది గ్లౌజులతో తీరే సంగతి కాకపోవచ్చు. 1862లో మోరిస్ రేనో అనే ఫ్రెంచి వైద్యుడు వర్ణించిన, ఆయన పేరుతోనే పిలిచే లక్షణం అది. డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: పాదాలకు రెండు జతల సాక్సులు వేసుకున్నా చలి ఆగడం లేదు. ఏం చేయాలి?

జవాబు: రెండో జతను తీసేయండి. వేసవి కొలతకు కొన్న బూటులో రెండు జతలు ఇరికిస్తే రక్తం పారే దారి మూసుకుపోతుంది. ఉన్ని సాక్సు ఒకటి, వేళ్లు లోపల కదిలేంత చోటు ఉన్న బూటు, దానిమీద గాలిని ఆపే పైతొడుగు, ఇదీ వరస. సైకిల్ బూట్లకు అడుగున కూడా గాలి రంధ్రాలు ఉంటాయి, పెడల్‌కు తగిలించే లోహపు ముక్క పాదంలోని వేడిని కిందికి లాగుతుంది. కాబట్టి లోపలి అట్ట కింద మరొక మందపాటి అట్ట పరిచి, అడుగు రంధ్రాలను టేపుతో మూయడం ఖర్చులేని మంచి ఉపాయం. అప్పటికీ వేళ్లు మొద్దుబారితే దిగి కొంతదూరం సైకిల్‌ను నడిపించుకుంటూ వెళ్లండి. తొక్కేటప్పుడు పాదం వంగదు, నడిచేటప్పుడు వంగుతుంది. రక్తం మళ్లీ వేళ్లదాకా చేరడానికి ఆ కదలికే కావాలి.

ప్రశ్న: వెనక సీటులో నా మూడేళ్ల కూతురిని కూర్చోబెట్టుకొని రోజూ బడికి దింపుతాను. నాది మోటారు సాయంతో నడిచే సైకిల్. మా ఇద్దరికీ ఒకే రకం బట్టలు సరిపోతాయా? మెడకు మఫ్లరు చుట్టవచ్చా?

జవాబు: సరిపోవమ్మా. పాప తొక్కడం లేదు, కూర్చొని ఉంది. ఆమె ఒంట్లో పుట్టే వేడి కొంచెం, తగిలే గాలి మాత్రం మీ వేగానిదే. పైగా పిల్లల ఒంటి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం పెద్దవాళ్లకన్నా ఎక్కువ, అందువల్ల తొందరగా చల్లబడతారు. పైన చెప్పిన లెక్కలేవీ పాపకు వర్తించవు. బయట బెంచీ మీద అంతసేపు కదలకుండా కూర్చోబెట్టాలంటే ఏమేం తొడుగుతారో అవన్నీ తొడిగి, పైన గాలి చొరని పొర వేయండి. మోకాళ్ల మీద గాలిని ఆపే దుప్పటి కప్పితే దాన్ని సీటు పట్టీలకు బిగించి కట్టాలి. లావు జాకెట్టు మీద పట్టీలు వదులవుతాయి, బయలుదేరే ముందు మళ్లీ బిగించి చూడండి. దారిలో పాప మెడ వెనక చేయి పెట్టి చూడడం మంచి అలవాటు, అరచేతులు చల్లగా ఉన్నా మెడ వెచ్చగా ఉంటే ఫరవాలేదు. మాట్లాడే పాప ఉన్నట్టుండి మౌనంగా, మగతగా ఉందంటే మాత్రం వెంటనే ఆగి వెచ్చని చోటికి తీసుకువెళ్లండి.

మఫ్లరు వద్దే వద్దు, మీకూ వద్దు, పాపకూ వద్దు. వేలాడే కొస చక్రం ఊచల్లో చిక్కుకుంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇసడోరా డంకన్ అనే ప్రసిద్ధ నర్తకి 1927లో నీస్ నగరంలో కారు చక్రానికి తన శాలువా చుట్టుకొనే చనిపోయింది. కొసలు లేని నెక్ గెయిటర్, అంటే తలమీదుగా మెడకు తొడుక్కునే గుడ్డ గొట్టం, తొడగండి. తలకు హెల్మెట్ కింద పట్టేంత పలచని టోపీ చాలు, చెవులు మూసుకుంటే అదే ఎక్కువ. మందపాటి టోపీ మీద హెల్మెట్ నిలవదు, జాకెట్టుకున్న తలముసుగు పక్కకు తిరిగి చూడనివ్వదు.

మీ సంగతికి వస్తే, మోటారు సాయం ఎంత ఎక్కువగా తీసుకుంటే మీ ఒంట్లో వేడి అంత తక్కువగా పుడుతుంది, వేగం మాత్రం తగ్గదు. కనుక మామూలు సైకిల్ తొక్కేవారి కంటే ఒక పొర ఎక్కువ, గ్లౌజులు ఒక మెట్టు మందం ఉండాలి.

ప్రశ్న: వాన చొరదు, గాలి ఆడుతుంది అని చెప్పి అమ్మిన జాకెట్టు కొన్నాను. వాన పడకపోయినా లోపల తడిసిపోతోంది. నన్ను మోసం చేశారా?

జవాబు: మోసం కాదు, కాస్త అతిశయోక్తి. 1969లో రాబర్ట్ గోర్ ఒక రకం ప్లాస్టిక్‌ను ఒక్కసారిగా సాగదీసి, కంటికి కనిపించని రంధ్రాలున్న పలచని పొరను తయారుచేశాడు. నీటి బొట్టు దూరలేనంత చిన్నవి, నీటి ఆవిరి దూరగలిగినంత పెద్దవి ఆ రంధ్రాలు. ఈ రకం జాకెట్లన్నిటికీ మూలం అదే. కాని ఆవిరి దానంతటది బయటికి పోదు. లోపల వేడి, తేమ బయటికన్నా ఎక్కువగా ఉండాలి, పోయే వేగానికి కూడా ఒక హద్దు ఉంది. గట్టిగా తొక్కే మనిషి గంటకు లీటరు దాకా చెమట కార్చగలడు. అంత ఆవిరిని ఏ పొరా దాటించలేదు, కనుక లోపలే నీరై కూర్చుంటుంది.

వాన లేని చలికి ఈ జాకెట్టు వేసుకోవద్దు, పలచని విండ్‌చీటర్ మేలు. వాన రోజున వేసుకుంటే చంకల కింద జిప్‌లుంటే తెరిచి ఉంచండి. వీపు సంచి ఉంటే వీపున తడి ఇంకా పెరుగుతుంది, దాన్ని సైకిల్ క్యారియర్‌కు మార్చండి. జాకెట్టు పైగుడ్డ మీద నీరు ముత్యాల్లా జారిపోకుండా గుడ్డలోకి ఇంకుతుంటే పైపూత అరిగిపోయినట్టు. అప్పుడు ఆవిరి పోవడం ఇంకా మందగిస్తుంది. మెత్తదనం కోసం ఉతికేటప్పుడు కలిపే ద్రవాలు ఈ గుడ్డకు విషం. తక్కువ సబ్బుతో ఉతికి, రెండుసార్లు జాడించి, లోపలి చీటీ మీద అనుమతి ఉంటే కొద్ది వేడిలో ఆరబెడితే పూత చాలావరకు తిరిగి పనిచేస్తుంది. ఇంతకీ మీ సైకిల్‌కు మడ్‌గార్డులు ఉన్నాయా? అవి లేకపోతే ఏ జాకెట్టూ నడుము కింది భాగాన్ని కాపాడలేదు.

ప్రశ్న: సెలవుల్లో మిత్రులతో కొండదారి వెళ్తున్నాను. ఎక్కేటప్పుడు చెమట, దిగేటప్పుడు ఎముకలు కొరికే చలి. ఏం తీసుకువెళ్లాలి?

జవాబు: ఎక్కేటప్పుడు వేడి బాగా పుడుతుంది, గాలి ఉండదు, దిగేటప్పుడు కాళ్లు ఆగిపోతాయి, వేగం రెండింతలు మూడింతలవుతుంది. కాబట్టి ఎక్కడానికి తక్కువ బట్టలు వేసుకొని, దిగడానికి కావలసినవి వెంట మోసుకెళ్లాలి: జేబులో మడిచి పెట్టుకునే విండ్‌చీటర్, పొడి గ్లౌజులు, హెల్మెట్ కింది టోపీ, వీలైతే ఒక పొడి లోపలి చొక్కా. చేతులకూ మోకాళ్లకూ వేసుకునే ఊడదీసే తొడుగులు ఇలాంటి దారుల్లో ఎంతో అక్కరకొస్తాయి. మోకాలి మీద కండ లేదు, కొవ్వు లేదు, ఎదురుగాలి నేరుగా కీలుకే తగులుతుంది. అందుకే పదిహేను డిగ్రీలకు దిగువన అనుభవజ్ఞులు చాలామంది మోకాళ్లను బయటపెట్టరు. శిఖరం చేరగానే, ఇంకా వేడిగా ఉన్నప్పుడే అన్నీ తొడుక్కోవాలి. చలి పుట్టాక తొడుక్కుందామంటే వేళ్లకు జిప్ అందదు.

1988 జూన్ 5న ఇటలీ సైకిల్ పందెం గావియా కనుమను మంచుతుఫానులో దాటింది. 2,600 మీటర్లకు పైనున్న ఆ కనుమను అందరికన్నా ముందు ఎక్కిన యోహాన్ వాన్ డెర్ వెల్డె పొట్టి చేతుల చొక్కాతో ఉన్నాడు. దిగేదారిలో చలికి నిలవలేక ఆగిపోయి, చివరికి ముప్పావుగంటకు పైగా వెనకబడ్డాడు. ఆండీ హ్యాంప్‌స్టెన్ జట్టు ముందే వాతావరణం కనిపెట్టి, మంచు ఆటల దుకాణంలో గ్లౌజులు, టోపీలు కొని సిద్ధం చేసింది. ఆ రోజు గెలిచింది ఎరిక్ బ్రోకింక్ అయినా, మొత్తం పందెంలో ముందున్నవారు వేసుకునే గులాబీ చొక్కా హ్యాంప్‌స్టెన్‌కు దక్కింది, పందెమంతటి విజయం కూడా అతనిదే.

ప్రశ్న: దిండు కుట్టిన సైకిల్ ప్యాంటు లోపల లోదుస్తులు వేసుకుంటే వెచ్చగా ఉంటుందా?

జవాబు: ఉండదు. ఆ దిండును చర్మానికి ఆనేలా కుట్టారు; మధ్యలో నూలు గుడ్డ చేరితే తడి నిలుస్తుంది, కుట్లు ఒరుసుకొని పుండ్లు పడతాయి. వెచ్చదనం కావాలంటే తొడల ముందు, పొత్తికడుపు దగ్గర గాలిని ఆపే గుడ్డ ఉన్న చలికాలపు ప్యాంటు కొనుక్కోండి. మగవాళ్లు ఈ సలహాను తేలిగ్గా తీసుకోవద్దు.

ప్రశ్న: చల్లగాలికి ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది, దగ్గు వస్తుంది. మూతికి గుడ్డ కడితే కళ్లజోడు మసకబారుతుంది.

జవాబు: చల్లని పొడిగాలిని నోటితో గట్టిగా పీల్చినప్పుడు కొందరికి శ్వాసనాళాలు ముడుచుకుంటాయి, ఆస్తమా ఉన్నవారికి మరీ. దగ్గుతో పాటు పిల్లికూతలు ఉంటే ముందు డాక్టరును కలవాలి. గుడ్డ విషయానికి వస్తే, నెక్ గెయిటర్‌ను ముక్కు మీదికి కాక పెదవుల దాకా మాత్రమే లాగి, ముక్కుతో గాలి వదలండి. అద్దాలకు చేరే ఆవిరి తగ్గుతుంది. మొదటి పది నిమిషాలు మెల్లగా తొక్కితే దగ్గు కూడా తగ్గవచ్చు.

ప్రశ్న: చలికాలంలో చీకటిపడ్డాకే ఇల్లు చేరుతాను. మెరిసే పసుపుపచ్చ జాకెట్టు కొంటే సరిపోతుందా?

జవాబు: పగటికి సరిపోతుంది, రాత్రికి సరిపోదు. ఆ రంగు అంతగా వెలిగిపోవడానికి కారణం సూర్యకాంతిలోని అతినీల కిరణాలు. మబ్బు పట్టిన పగలు, సాయంసంధ్యలో అది దూరానికి కనిపిస్తుంది. రాత్రి కారు దీపాల వెలుగులో ఆ కిరణాలు దాదాపు ఉండవు కనుక మామూలు లేతరంగు గుడ్డతో సమానమైపోతుంది. రాత్రికి కావలసినవి దీపాల వెలుగును వచ్చినవైపే తిప్పికొట్టే వెండిరంగు పట్టీలు. అవి వీపు మీద ఎంత వెడల్పున్నా సంచి వేసుకుంటే దాని చాటున పడతాయి. అందుచేత చీలమండలకు కట్టుకోండి. తొక్కుతున్నప్పుడు పైకీ కిందికీ కదిలే ఆ రెండు మెరుపులను చూడగానే వెనక వచ్చే డ్రైవరుకు ముందున్నది సైకిల్ అని తెలిసిపోతుంది. ప్యాంటు అంచు గొలుసులో పడకుండా కూడా అవే ఆపుతాయి. పట్టీలున్నాయి కదా అని సైకిల్‌కు ముందు, వెనక దీపాలు మానకండి. కారు దీపాలు మీ మీద పడేదాకా పట్టీలు మెరవవు.